ఆఖరి శత్రువుకి ఏ దరువు?

వీడియో గేములో బాస్ ఫైట్‌కి, అంటే పెద్ద శత్రువుతో పోరుకి, సంగీతం కట్టేవాళ్ళకి అసలు చిక్కు ఒకటే. ఆ యుద్ధం ఎంతసేపు నడుస్తుందో వాళ్ళకి తెలియదు. సినిమా ఫైటుకి నేపథ్య సంగీతం చేసే మనిషి ముందు ఎడిటింగ్ పూర్తయిన సన్నివేశం ఉంటుంది. ఏ సెకనులో దెబ్బ పడుతుందో, ఏ సెకనులో విలన్ కూలుతాడో చూసుకుని వాయిద్యాలు సర్దుకుంటాడు. గేములో ఆ వీలు లేదు. చెయ్యి తిరిగిన అమ్మాయి నిమిషంలో పని ముగిస్తుంది. కొత్తగా పట్టుకున్న కుర్రాడు అరగంట పెనుగులాడి, చచ్చి, మళ్ళీ మొదటినుంచి వస్తాడు. ఇద్దరికీ అదే పాట సరిపోవాలి. విసుగు పుట్టకూడదు, వేడి తగ్గకూడదు, శత్రువు పడిన క్షణాన పాట కూడా అక్కడే దిగాలి.

ఈ చిక్కు గేములతోనే పుట్టిందని నేను అనుకోను. చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో పద్దెనిమిది రోజుల భారతం ఆడించే ఊళ్ళలో మద్దెల వాయించేవాళ్ళు, గంగ జాతరలో పలకలు కొట్టేవాళ్ళు తరతరాలుగా దీంతోనే తలపడుతున్నారు. భీముడి వేషం కట్టినవాడు ఎప్పుడు గద ఎత్తుతాడో మద్దెల మీద చెయ్యి పెట్టినవాడికి ఏ గడియారమూ చెప్పదు. గేము సంగీతంలో నలభై ఏళ్ళకి పైగా జరిగిన ప్రయత్నాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే, వాటిలో గట్టిగా నిలబడినవి చాలావరకు మన భారతం ఆడే మిట్ట మీద ఉన్న పద్ధతుల్నే వేరే దారిన వెళ్ళి చేరుకున్నాయని నాకు అనిపిస్తుంది. మన దేశంలో గేములు చేసేవాళ్ళు మాత్రం ఆ మిట్ట వైపు ఇంకా సరిగ్గా చూడలేదు.

మొదట యంత్రాల కథ. 1978లో జపాన్ కంపెనీ టైటో తెచ్చిన స్పేస్ ఇన్వేడర్స్‌లో సంగీతమంటే మంద్రంలో దిగుతూ వచ్చే నాలుగే స్వరాలు. శత్రువుల సంఖ్య తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళ నడక వేగం అందుకుంటుంది, ఆ నాలుగు స్వరాలూ వాళ్ళతో పాటే పరుగెత్తుతాయి. ఆటలో పరిస్థితే లయని నడిపించాలన్న సూత్రం అక్కడికే పూర్తిగా తయారైపోయింది. ఆ తర్వాత వచ్చిన నింటెండో ఫామికామ్ యంత్రంలో ధ్వనికి ఐదే దారులు ఉండేవి. రెండు రాగానికి, ఒకటి మంద్రానికి, ఒకటి చప్పుడికి, ఒకటి రికార్డు చేసిన చిన్న ముక్కలకి. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌కి కోజి కొందొ ఆ కొద్ది దారుల్లోనే పాటలు కట్టాడు. గడువు వందకి దిగగానే అదే పాట వేగంగా మోగడం మొదలవుతుంది. మెమరీ తక్కువ కాబట్టి మళ్ళీ మళ్ళీ తిరిగే లూప్ చిన్నది. చిన్న లూప్ వందసార్లు విన్నా మొహం మొత్తకూడదు కాబట్టి ఎత్తుగడ గట్టిది. ఆ కాలపు పాటలు ఇప్పటికీ జనం నోట ఉన్నాయంటే ఆ పేదరికం నేర్పిన పొదుపు వల్లే.

సీడీలు వచ్చాక పొదుపు పోయింది. 1997లో ఫైనల్ ఫాంటసీ సెవెన్ ఆఖరి యుద్ధానికి నొబుఒ ఉయెమత్సు కట్టిన వన్ వింగ్డ్ ఏంజెల్‌లో బృందగానం వచ్చింది. ఆ గేముల వరసలో మనుషుల గొంతులు వినిపించడం అదే మొదలు. మాటలు లాటిన్‌లో. ఉయెమత్సు దాన్ని వరసగా రాయలేదు. విడివిడిగా చిన్న ముక్కలు కట్టుకుని, తర్వాత వాటిని అటూ ఇటూ మార్చి అతికించాడు. ఆ అతుకులు వినేవాడికి తెలుస్తూనే ఉంటాయి. పాట ఎటు తిరుగుతుందో తెలియని ఆ భయమే దాని బలం. తర్వాత వచ్చినవాళ్ళు అతుకుల్ని వదిలేసి బృందగానాన్ని మాత్రం పట్టుకున్నారు. పెద్ద శత్రువు అనగానే వందమంది గొంతులు, ఇత్తడి బూరలు, మొదటి సెకను నుంచే పతాక స్థాయి. అలాంటి పాట ఎక్కాల్సిన మెట్లన్నీ మొదటి నిమిషంలోనే ఎక్కేస్తుంది. మిగతా పావుగంట అది పైమెట్టు మీద నిలబడి అరుస్తూ ఉండాల్సిందే. మనవాళ్ళ చేతిలో ఇది లాటిన్‌కి బదులు సంస్కృతమై, సినిమా ట్రైలర్లలో, మొబైల్ గేముల్లో ఒకేలా మోగుతోంది. ఈ దారి నాకు నచ్చదు. భయం పెద్ద చప్పుడులో ఉండదు. తర్వాత ఏమొస్తుందో తెలియకపోవడంలో ఉంటుంది.

ఇంకో దారి కూడా అదే కాలంలో నడిచింది. 1991లో లూకాస్ ఆర్ట్స్‌లో మైకేల్ లాండ్, పీటర్ మెకానెల్ కలిసి ఐమ్యూజ్ అనే పద్ధతి తయారుచేసి మంకీ ఐలాండ్ రెండో భాగంలో వాడారు. పాటలో అక్కడక్కడా గుర్తులు పెడతారు. ఆటగాడు ఒక చోటు నుంచి ఇంకో చోటుకి నడిస్తే, సంగీతం దగ్గరలో ఉన్న గుర్తు దాకా ఆగి, అక్కడి నుంచి కొత్త పాటలోకి తెగకుండా దూకుతుంది. ఈ రోజు వైజ్, ఎఫ్‌మోడ్ లాంటి సాధనాలతో చేసే పనికి పునాది ఇదే. పాట ముక్కల్ని ఒకదాని తర్వాత ఒకటి మార్చడం ఒక తీరు. పాట అదే ఉండి, దాని పొరల్ని కలుపుతూ తీస్తూ పోవడం రెండో తీరు. 2013లో వచ్చిన మెటల్ గేర్ రైజింగ్‌లో బాస్ బలం తగ్గి పోరు ముదిరే చోట, అప్పటిదాకా వాయిద్యాలతో నడిచిన పాటలోకి గొంతు వస్తుంది. ఆడేవాడికి ఒళ్ళు పులకరించేది ఆ క్షణాన్నే. పాట తన దెబ్బకి జవాబు చెప్పిందని అతనికి అప్పుడు తెలుస్తుంది.

ఇక మన ఊళ్ళకి వద్దాం. శ్రీకాళహస్తి, పుత్తూరు మొదలుకుని చిన్న చిన్న పల్లెల దాకా ఈ ప్రాంతంలో ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్ళు చాలా ఉన్నాయి. తమిళనాడులో జింజి చుట్టూ బలంగా ఉన్న ద్రౌపది కొలుపు ఇటు దాకా వ్యాపించింది. పరిశోధకుడు ఆల్ఫ్ హిల్టెబీటెల్ 1988 నుంచి పెద్ద సంపుటాలుగా రాసింది ఈ కొలుపు గురించే. గుడి ముందు పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. మధ్యలో బకాసుర వధ, ద్రౌపది కల్యాణం, అర్జునుడు ఎత్తయిన తపస్సుమాను ఎక్కడం. చివరి రోజు పొద్దున దుర్యోధన వధ, సాయంత్రం అగ్నిగుండం. దుర్యోధనుణ్ణి మట్టితో నేల మీద వెల్లకిలా పడుకోబెడతారు. పదుల అడుగుల పొడవు. తొడ దగ్గర ఎర్రనీళ్ళ కుండ దాస్తారు. వేషాలు కట్టిన భీముడూ దుర్యోధనుడూ ఆ మట్టి దేహం చుట్టూ, దాని మీదా తిరుగుతూ పోరాడతారు. గేములు ఆడే పిల్లలకి ఇది వివరించాల్సిన పని లేదు. మనిషికి ఎన్నో రెట్లు పెద్దదైన శత్రువు, దాని ఒంటిమీద దెబ్బ తగలాల్సిన ఒకే ఒక్క చోటు, అక్కడ తప్ప ఇంకెక్కడ కొట్టినా పడని ప్రాణం. వాళ్ళు ఆడే ఆటల ఆఖరి ఘట్టం ఇదే.

ఇక్కడ సంగీతం ఏం చేస్తుందో దశలవారీగా చూడాలి, ఎందుకంటే ఈ విషయంలో నేర్చుకోవాల్సింది ఎక్కువగా ఇక్కడే ఉంది. వీధి నాటకంలో పెద్ద పాత్ర నేరుగా రంగం మీదికి రాదు. ఇద్దరు తెర పట్టుకుంటారు. పాత్ర తెర వెనకే ఉంటుంది. ముందు గజ్జెల చప్పుడు వస్తుంది, తర్వాత గొంతు, తర్వాత తెర మీదుగా కిరీటం కొన. ప్రవేశ దరువు సాగుతూ ఉండగా తెర కాస్త దిగుతుంది, మళ్ళీ లేస్తుంది. జనం ఊపు చూసి దీన్ని పొడిగిస్తారు, లేదా కుదిస్తారు. దుర్యోధనుడి ప్రవేశ దరువు అతని దర్పాన్ని అతని నోటితోనే చెప్పిస్తుంది. ఈ పూట చనిపోబోయేవాడని అందరికీ తెలుసు, అయినా ఆ దరువులో రాజసం ఏమాత్రం తగ్గించరు. వంతపాట అందుకునేవాళ్ళు అతని మాటనే తిరిగి అంటారు. శత్రువుకి అతని గౌరవం అతనికి ఇచ్చాకే యుద్ధం.

తర్వాత మడుగు ఘట్టం. ఓడిన దుర్యోధనుడు ద్వైపాయన మడుగులో దాక్కుంటాడు. పాండవులు గట్టున నిలబడి ఎత్తిపొడుస్తారు. రోషం వచ్చేదాకా పిలవాలి. అతను పైకి వచ్చాక గదాయుద్ధం. మద్దెల, తాళాలు, హార్మోనియం, ఉన్నచోట ముఖవీణ. వీటిని వాయించేవాళ్ళెవరూ ముందు రాసుకున్న లెక్క ప్రకారం నడవరు. మద్దెలవాడి కళ్ళు వేషగాళ్ళ కాళ్ళ మీద ఉంటాయి. అడుగు దూరంగా పడుతుంటే మొదటి కాలం, దగ్గరపడితే రెండో కాలం, గద లేస్తే మూడో కాలం. వేషగాడు అలిసిపోయాడని కనిపిస్తే, దరువు తగ్గించి ఒక పద్యానికి చోటిస్తాడు. పద్యం సాగినంతసేపు లయ ఉండదు, శ్రుతి మాత్రమే ఉంటుంది. ఊపిరి అందాక మళ్ళీ దరువు. తొడ మీద కొట్టమన్న సైగ భీముడికి అందాక మద్దెల ముక్తాయింపు ఎత్తుకుంటుంది.

ముక్తాయింపు గురించి కాస్త ఆగి చెప్పాలి. ఒకే పదబంధం మూడుసార్లు వస్తుంది. మొదటిసారి విన్నప్పుడు ఏదో మారిందని తెలుస్తుంది. రెండోసారికి దాని పొడవు తెలుస్తుంది. మూడోసారి ఎక్కడ దిగుతుందో పక్కన తాళం వేసేవాడికి, గద పట్టినవాడికి, చుట్టూ కూచున్న ఊరంతటికీ తెలుసు. దెబ్బా, తాళం చుట్టు మొదలయ్యే చోటైన సమమూ, కుండ పగలడమూ ఒక్క చోట కలుస్తాయి. యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో తెలియకపోయినా, ముగిసే ముందు కొద్ది క్షణాలు అందరికీ ఒకేసారి తెలియజెప్పే ఉపాయం ఇది. గేముల్లో చాలాచోట్ల ఇదే లోటు. బాస్ బలం అయిపోగానే పాటని కోసేసి విజయ గీతం అతికిస్తారు. ఎంత ఖర్చుపెట్టిన గేములోనైనా ఆ కోత చెవికి తగులుతుంది. చివరి దెబ్బకి ముందే, బలం సన్నని గీత దాకా వచ్చినప్పుడు ముక్తాయింపు ఎత్తుకుంటే? ఆటగాడు తప్పి ఆ దెబ్బ కొట్టలేకపోతే, సమం మీద మళ్ళీ దరువులోకి వెళ్ళిపోవచ్చు. కచేరీల్లో తనియావర్తనం వినేవాళ్ళకి ఇందులో కొత్తదేమీ లేదు.

ఇలా సైగని బట్టి సంగీతం మారడం ఏ నాటకమూ చూడనివాళ్ళకి కూడా తెలుసు. పెళ్ళిలో నాదస్వరం నింపాదిగా సాగుతుంటుంది. పురోహితుడు చెయ్యి ఎత్తి గట్టిమేళం అనగానే డోలు ఒక్క ఉదుటున అందుకుంటుంది. మంగళసూత్రం ముడి పడేదాకా, అది పది సెకన్లయినా రెండు నిమిషాలయినా, డోలు తగ్గదు. బాస్ ఫైట్ కంపోజర్ కంప్యూటర్‌కి నేర్పించాలని చూస్తున్నది ఆ డోలు విద్వాంసుడి చెవినే.

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర ఇంకో రకం పాఠం. మే నెలలో జరిగే ఈ జాతర కథలో పాలెగాడు ఆడవాళ్ళని చెరబట్టే దుర్మార్గుడు. గంగమ్మ తన అసలు రూపం చూపగానే పారిపోయి దాక్కుంటాడు. అతన్ని వెతుకుతూ ఆమె రోజుకో వేషం వేస్తుంది. బైరాగి, బండ, తోటి, దొర. దొర వచ్చాడని నమ్మి పాలెగాడు బయటికి వచ్చినప్పుడు తల నరుకుతుంది. కైకాల కుటుంబాలవాళ్ళు కట్టే ఈ వేషాలు వీధి వీధీ తిరుగుతాయి. పరిశోధకురాలు జాయిస్ ఫ్లుకిగర్ 2013లో ఈ వేషాల మీద ఒక పూర్తి పుస్తకమే రాశారు. భారతంలోనూ జాతరలోనూ శత్రువు దాక్కునేవాడే అని గమనించండి. జపాన్, అమెరికా గేముల్లో బాస్ తన కోటలో మన కోసం కాచుకుని ఉంటాడు, మనం తలుపు తీసుకుని వెళ్తాం. మన కథల్లో శత్రువుని బయటికి రప్పించాలి. అందుకే మన దరువులో పిలుపు ఉంటుంది. తలుపు తెరుచుకున్నాక మొదలయ్యే పాటకీ, తలుపు తెరిపించే పాటకీ కట్టడంలోనే తేడా ఉంది. రెండోది తక్కువ స్వరాలతో, ఎక్కువ ఖాళీలతో, జవాబు కోసం ఆగుతూ సాగాలి. ఈ రకం బాస్ పాట గేముల్లో నాకు చాలా అరుదుగా తగిలింది. తెలుగు గేము అంటూ ఒకటి వస్తే ప్రపంచానికి కొత్తగా ఇవ్వగలిగేది ఇదేనేమో.

జాతర దరువు పాలెగాడిది కాదు, గంగమ్మది. ఆమె వేషం కదిలితే పలకలు కదులుతాయి. పాలెగాడికి సొంత సంగీతం లేదు. గేముల్లో దాదాపు అంతా దీనికి వ్యతిరేకం. అక్కడ బాస్‌కి పేరు, పేరుకో పాట. ఆడేవాడు శత్రువు సంగీతంలో నిలబడి పోరాడతాడు. భారతంలో దుర్యోధనుడికి దరువు ఉంది కాబట్టి అది ఈ తీరుకి దగ్గర. జాతర తీరు తీసుకుంటే పాట ఆడేవాడి పక్షాన ఉంటుంది. ఆడేవాడు వెనక్కి తగ్గితే దరువు సన్నబడుతుంది, ముందుకి దూకితే కమ్ముకుంటుంది. శత్రువు దగ్గర ఉన్నదల్లా నిశ్శబ్దమే. ఈ రెండు తీరుల్లో ఏది కావాలో కంపోజర్ మొదటి స్వరం రాయకముందే తేల్చుకోవాలి. తేల్చుకోని పాటలే ఎటూ కాకుండా పోతున్నాయి.

పలకల గురించి ఇంకొక్క సంగతి. తోలు చల్లబడితే మోత దిగిపోతుంది. అందుకని మధ్యలో ఆగి, మంట వేసి పలకలు కాచుకుంటారు. ఆ కాసేపు వీధి మామూలు వీధి అయిపోతుంది, మాటలు వినిపిస్తాయి. కాచిన పలక మీద పడే మొదటి దెబ్బకి ముందటి గంటసేపు కొట్టినదానికన్నా బలం ఎక్కువ. బాస్ ఒక దశ నుంచి ఇంకో దశకి మారేటప్పుడు ఇంత నిశ్శబ్దం ఇవ్వడానికి కంపోజర్లు ఎందుకో జంకుతారు. జంకనివాళ్ళు మంచి ఫలితం రాబట్టారు. 2005లో వచ్చిన షాడో ఆఫ్ ది కొలోసస్‌లో పదహారు మహాకాయులు తప్ప వేరే శత్రువులు లేరు. గుర్రమెక్కి తిరిగే మైదానాల్లో గాలి చప్పుడు తప్ప సంగీతం ఉండదు. మహాకాయుడు ఎదురైనప్పుడు ఒక పాట, అతని ఒంటి మీదికి ఎక్కి పట్టు దొరికినప్పుడు ఇంకో పాట. కౌ ఒతాని కట్టిన ఆ రెండో పాట అంతగా పొంగడానికి ముందున్న గాలి చప్పుడే కారణం.

లెక్క ఇష్టపడేవాళ్ళ కోసం ఒక మాట. పొరలు కలిపి తీసే పద్ధతిలో అన్ని పొరలూ ఒకే వేగంలో ఉండాలి, లేకపోతే కలవవు. వేగం మార్చకుండా ఉద్వేగం ఎలా పెంచాలన్నది పాశ్చాత్య కంపోజర్లని బాగా వేధించే ప్రశ్న. మనకి కాలాలున్నాయి. తాళం కదలదు, లోపలి అక్షరాలు రెట్టింపవుతాయి. నడలున్నాయి. నాలుగున్నచోట మూడు, ఐదు, ఏడు. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఆది తాళం ఒక చుట్టు 4 సెకన్లు, త్రిపుట మూడున్నర. ఏడు దెబ్బల పొర, ఎనిమిది దెబ్బల పొర కలిపి వదిలితే అవి మళ్ళీ ఒకేచోట మొదలయ్యేది 56 దెబ్బల తర్వాత, అంటే 28 సెకన్లకి. ఐదు దెబ్బల పొర ఇంకొకటి చేరిస్తే 280 దెబ్బలు, 2 నిమిషాల 20 సెకన్లు. మూడు చిన్న ముక్కలు రికార్డు చేసుకుంటే చాలు, అంతసేపూ ఒక కలయిక మళ్ళీ రాదు.

మన దేశంలో ఇంతవరకు జరిగింది తక్కువే. పుణెకి చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో తెచ్చిన రాజీ అందంగా ఉంది, చివర మహాబలాసురుడితో పోరు ఉంది. దానికి సంగీతం గ్రీకు కంపోజర్ లినోస్ త్సెలోస్ శ్రద్ధగా చేశాడు. తెలుగులో ఈ తరహా దరువుని పెద్దఎత్తున వినిపించింది సినిమాయే. 2024 డిసెంబరులో వచ్చిన పుష్ప రెండో భాగంలో గంగ జాతర, ఆ జాతరలోని మాతంగి వేషం, ఆ వెంటనే పోరు, దేవిశ్రీ ప్రసాద్ పాటలు. తిరుపతి వీధుల దరువు దేశమంతా వినడం నాకు సంతోషంగా ఉంది. కానీ అది బొమ్మకి అతికిన సంగీతం. ఎడిటింగ్ బల్ల మీద పొడవు తేలిపోయింది. దాన్ని చూసి గేముకి పాట కట్టాలనుకుంటే మొదట చెప్పిన చిక్కులోనే పడతాం.

శత్రువు పడ్డాక ఏం మోగాలన్నది మిగిలింది. చాలా గేములు విజయ గీతం మోగించి తోసుకుపోతాయి. కొలోసస్ గేములో మహాకాయుడు కూలినప్పుడు వినిపించేది శోకం. 2011లో వచ్చిన డార్క్ సోల్స్‌లో ఆఖరి బాస్ గ్విన్‌తో పోరు అంతా ఒంటరి పియానో మీద నడుస్తుంది. మొతొయి సకురబ ఆ పోరుకి కోపం కాకుండా జాలి ఎంచుకున్నాడు. గంగ జాతరలో దొర వేషం మర్నాడు మాతంగి వేషం. పాలెగాణ్ణి చంపిన గంగమ్మే, అతని భార్యని ఓదార్చడానికి ఆ వేషంలో వస్తుందని కథ. చంపిన చేయే కన్నీళ్ళు తుడవడానికి వెళ్ళడం ఏ గేము కథకుడైనా అందుకోవాల్సిన ఊహ. ఆ రోజు దరువు ఆగదు, కానీ ఊరి మీద ముందు రోజు ఉన్న ఉద్రేకం ఉండదు. గెలుపు సంగీతానికి ఇంతకన్నా నిజమైన నమూనా నాకు తెలియదు.

ఈ పని చేయదలచినవాళ్ళకి కొన్ని మాటలు. తయారైన పాటని రికార్డు చేసుకుని ముక్కలు కోయకండి. వేషగాణ్ణి ఎదురుగా నిలబెట్టి, అతను ఆడుతుండగా మద్దెల రికార్డు చేయండి. కాళ్ళు చూడకపోతే ఆ చేతికి సగం విద్య రాదు. వేగం చెప్పే క్లిక్ చెవిలో పెట్టి వాయించమంటే చాలామంది బిగుసుకుపోతారు. వాళ్ళ వేగాన్ని వాళ్ళకే వదిలి, సమాలని తర్వాత గుర్తులు పెట్టుకోండి. ఒకే దరువు మూడు కాలాల్లో, ముక్తాయింపులు రకరకాల పొడవుల్లో, పలక కాచకముందూ కాచాకా విడివిడిగా తీసుకోండి. గంగమ్మ ముందు మాత్రమే కొట్టే దరువేదైనా ఉంటే, అది గేములో రాక్షసుడికి పెట్టొచ్చా లేదా అన్నది కొట్టేవాళ్ళనీ, కొలుపు నడిపే కుటుంబాలనీ అడిగి తెలుసుకోండి, వద్దంటే వదిలేయండి. పలక చాలాచోట్ల దళితుల చేతి విద్య. జాతర రోజు పిలిచి, మిగతా ఏడాది దూరంగా నిలబెట్టిన అన్యాయం ఆ విద్య మీద ఉంది. స్టూడియోలో ఒక పూట కూలి ఇచ్చి, ఆ చప్పుడుని శాంపిల్‌గా ఎప్పటికీ అమ్ముకోవడం ఆ అన్యాయాన్ని పొడిగించడమే. గేము అమ్మినన్నాళ్ళూ వాళ్ళకి వాటా అందాలి. వాయించినవాళ్ళ పేర్లు గేము చివర సంగీత దర్శకుడి పేరు పక్కన, అదే సైజు అక్షరాల్లో పడాలి.